త్రిసంతాన లక్ష్మి పురస్కారం

ఆ ఆదివారం ఉదయం ధర్మలింగం పెద్ద పనులేవీ పెట్టుకోలేదు. ఇడ్లీలు తిని, సాయంత్రం సభలో చదవాల్సిన ఉపన్యాసం అద్దం ముందు ఒకసారి చదువుకుని, మధ్యాహ్నం ఓ కునుకు తీసి, పొద్దుగూకేవేళకు కల్యాణమండపానికి వెళ్ళి పదిమంది తల్లులకు పది పట్టుచీరలు ఇచ్చి ఫొటో దిగాలి. అంతే.

ఆయనకు బరంపురం పెద్దబజారులో అప్పడాలు, వడియాలు, ఊరగాయల హోల్‌సేల్ దుకాణం ఉంది. తాతల కాలం నుంచీ అక్కడే వ్యాపారం. కిందటేడే తెలుగు వర్తక సంఘానికి అధ్యక్షుడయ్యాడు. అయిన మొదటి కార్తీకంలోనే, గోపాల్‌పూర్ దగ్గర సరుగుడు తోటలో జరిగిన వనభోజనాల్లో ఆయన కంట ఒక ఘోరం పడింది. పిల్లలకు కుర్చీలాట పెట్టారు. అలవాటు కొద్దీ ఆరు కుర్చీలు వేశారు. పిల్లలు అయిదుగురే వచ్చారు. పాట ఆగింది, అందరూ కూర్చున్నారు, ఇంకా ఒక కుర్చీ ఖాళీగా ఉంది. ఎవరూ ఓడిపోలేదు. ఆట ఎలా ముగించాలో ఎవరికీ తోచక, చివరికి ఆ కుర్చీలో మాజీ అధ్యక్షుడు కాశీవిశ్వనాథం గారే కూర్చుని చెమట తుడుచుకున్నారు.

ధర్మలింగం ఏడుగురు పిల్లలున్న ఇంట్లో పెరిగినవాడు. ఆయన చిన్నతనంలో కుర్చీలాటకు బయటి పిల్లల అవసరమే ఉండేది కాదు. ఆ ఖాళీ కుర్చీని ఆయన మరిచిపోలేకపోయాడు. తర్వాతి కమిటీ మీటింగులో, "ఇంటికి ముగ్గురు లేకపోతే ఇంకో తరానికి మన సంఘంలో కోరమ్ కూడా ఉండదు" అని బల్ల గుద్దాడు. కమిటీ సభ్యులంతా చప్పట్లు కొట్టారు. ఎవరికి వారు పక్కింటివాళ్ళను తలుచుకునే కొట్టారు. నలభై లోపు వయసుండి ముగ్గురు పిల్లలున్న తల్లులకు 'త్రిసంతాన లక్ష్మి' అనే బిరుదు, పట్టుచీర, జ్ఞాపిక ఇవ్వాలని తీర్మానించారు. కమిటీలో ఆడవాళ్ళెవరూ లేరు కాబట్టి తీర్మానం ఏకగ్రీవమైంది.

ధర్మలింగం సొంత ఇంట్లో మాత్రం పరిస్థితి తీర్మానానికి అనుకూలంగా లేదు. కొడుకు రవికాంత్‌కూ, కోడలు నాగశ్రీకీ ఒక్కతే కూతురు, ఆరేళ్ళ స్పందన. రెండో బిడ్డ సంగతి ఆయన చాలాకాలంగా కదుపుతూనే ఉన్నాడు. మామగారు కోడలితో ఇలాంటివి నేరుగా మాట్లాడకూడదు గనక, భోజనాల దగ్గర అప్పడం విరుస్తూ గోడకేసి చూసి చెప్పేవాడు.

"ఇది నా కోరిక కాదురా రవీ. మా అమ్మ కోరిక. మునిమనవడు పుడితే బంగారు పువ్వులతో ఆవిడ కాళ్ళు కడగాల. ఎనభై దాటినాయి. ఇంకెప్పుడు సూస్తాది?"

పక్కగదిలో చింతపండులో గింజలు తీస్తూ కూర్చునే ఆయన తల్లి కన్యకమ్మ ఆ మాటకు అవుననేది కాదు, కాదనేది కాదు. గింజలు డబ్బాలో పడుతున్న చప్పుడు మాత్రం వినిపించేది.

ధర్మలింగం రెండో ఇడ్లీ మీద ఉండగా దుకాణం గుమస్తా కాసులు చీరల పెట్టె భుజాన పెట్టుకుని వచ్చాడు.

"అయ్యగారూ, సీరలొచ్చాయి. ఆడోళ్ళు రాలేదు."

"ఏటంటావు?"

"ఏటంటే, బరంపురం అంతా తిరిగాను. సికిటి ఎల్లాను, కొడల ఎల్లాను. నలభై లోపు ముగ్గురు పిల్లలున్నోళ్ళు మనోళ్ళలో ఒక్కరే తేలారు. కొడలలో గౌరి గారని. అదీ రెండో కానుపులో కవలలు పుట్టబట్టి."

"ఎలా పుడితే ఏటి, ముగ్గురే కదా! ఏటందావిడ?"

"సీర వొద్దంది. ఒక్క పూట ఆ ముగ్గుర్నీ ఎవురైనా సూసుకుంటే పడుకుంటానంది."

ధర్మలింగానికి ఇడ్లీ గొంతులో అడ్డుపడింది. నీళ్ళు తాగుతుండగానే ఫోను మోగింది. కాశీవిశ్వనాథం. ఇనుప సామాన్ల వ్యాపారి. ఎన్నికల్లో ధర్మలింగం చేతిలో ఓడిపోయిన దగ్గర్నుంచి ఆయన గొంతు బాగా మెత్తబడింది.

"ధర్మలింగం గారూ, సాయంత్రానికి లక్ష్ములెంతమంది?"

"పదిమంది!" అనేశాడు ధర్మలింగం.

"అబ్బో! మనోళ్ళలో అంతమందున్నారా? పేర్లు సెప్తే బేనరు మీద ఏయించేద్దాం."

"పేర్లు సభలోనే సెప్తాం. సస్పెన్సు."

"బావుంది, బావుంది. ఒక్క మాట, ఏటనుకోకండి. ఊరికి సెప్పీముందు మీ ఇంట్లో ఏటని జనం అడుగుతారు. మీ కోడలికి ఒకత్తే కదా?"

ఆ మెత్తటి గొంతు ధర్మలింగాన్ని ఎక్కడో గుచ్చింది. "మా కోడలే ముందు స్టేజీ ఎక్కుతాది! ముగ్గురి సంగతి ఆవిడే సెప్తాది, సూడండి!" అని ఫోను పెట్టేశాడు. పెట్టేశాక తనేమన్నాడో తనకు తెలిసింది.

అయినా మాట దాటిపోయింది. కాసులువైపు తిరిగి గబగబా పురమాయించాడు. "ఒరే, ఆ నలభై లోపు అన్న ముక్క తీసీ. ముగ్గురున్న తల్లి ఎవురైనా సరే అని గ్రూపులో పెట్టీ. మా కోడలు ముగ్గురు పిల్లల గురించి సభలో మాటాడతాది అని కూడా కలుపు."

కాసులు ఒక చేత్తో చీరల పెట్టె పట్టుకుని ఉన్నాడు. అందుకని టైపు చేయకుండా ఫోనుకు నోటితోనే చెప్పాడు. మర్యాదగా ఉంటుందని తనకు తోచిన పదాలు రెండు కలిపాడు. క్షణంలో సంఘం సభ్యులందరి ఫోన్లలోనూ ఈ ముక్క పడింది: "ముగ్గురు పిల్లలున్న తల్లులందరికీ ఈ సాయంత్రం పట్టుచీరలు. వయసుతో పని లేదు. అధ్యక్షుల వారి కోడలు శ్రీమతి నాగశ్రీ గారు తమ ముగ్గురు పిల్లల శుభవార్తను వేదికపై తెలియజేస్తారు."

నాగశ్రీకి ఒక్కతే కూతురని బజారంతటికీ తెలుసు. మరి ముగ్గురెలా? వర్తకులు కూడికల్లో, తీసివేతల్లో గట్టివాళ్ళు. మూడులోంచి ఒకటి తీస్తే రెండు. అంటే కవలలు.

ముందుగా ఈ సంగతి రవికాంత్‌కు టీకొట్టు దగ్గర తెలిసింది. కొట్టువాడు గ్లాసు చేతికిస్తూ, "రవి బాబూ, మిఠేయి కాహిఁ?" అని ఒడియాలో మిఠాయి అడిగాడు. ఎందుకని రవికాంత్ అడిగితే, పక్కనున్న బట్టలకొట్టాయన వీపు తట్టి, "ఒకేసారి ఇద్దరు! గట్టోడివే!" అన్నాడు. రవికాంత్ టీ అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తాడు.

ఇంటి పెరట్లో నాగశ్రీ కూతురికి తలంటు పోస్తోంది. చేతులనిండా కుంకుడు నురగ. ఫోను ఆగకుండా మోగుతుంటే మోచేత్తో నొక్కి స్పీకరు పెట్టింది. చికిటి నుంచి తల్లి. ఏడుస్తోంది.

"కవలలని కన్నతల్లికి సెప్పకూడదటే? ఊరందరి గ్రూపులో సూసుకోవాలా నేను? సరేలే, సున్నుండలు సేసుకుని బస్సెక్కుతన్నాను."

ఏమిటని అడిగేలోగా ఫోను ఆగిపోయింది. వెంటనే నాగశ్రీ పాఠాలు చెప్పే బడి హెడ్‌మిస్ట్రెస్. "శుభమే అనుకో, కానీ పరీక్షల ముందు సెలవంటే ఎలాగమ్మా?" అని ఆవిడ బాధ. కళ్ళలో నురగ పడకుండా గట్టిగా మూసుకుని అంతా విన్న స్పందన, "అమ్మా, ఆల్లిద్దరూ నా మంచం మీదే పడుకుంటారా?" అని అడిగింది.

నాగశ్రీ చేతులు కడుక్కుని గ్రూపులో మెసేజ్ చదివింది. రెండోసారి చదివింది. తర్వాత వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అత్తగారు సత్యవతి పప్పు ఎనుపుతోంది. మూడడుగుల అవతల భోజనాల బల్ల దగ్గర మామగారు ఉపన్యాసం కాగితాలు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

"అత్తయ్యా, మావయ్యగారిని అడగండి. ఇది నా గురించేనా?"

కాగితాల వెనకనుంచి జవాబొచ్చింది. "సత్యవతీ, సెప్పు. కాసులు తప్పు రాసీసాడు. కానీ ఇప్పుడు పరువు సంగతి. స్టేజీ ఎక్కి 'అలాగే, సూద్దాం' అంటే సాలు. మళ్ళీ ఎవురూ ఒచ్చి లెక్కెట్టరు."

"అత్తయ్యా, సెప్పండి. సూద్దాం అని నేననను. నాకు ఒకత్తి సాలు. బళ్ళో రోజూ నలభైమందితో అరుస్తాను. ఇంటికొచ్చాక ఒకత్తితో నిదానంగా మాటాడుకోవాలనుంటాది."

"సత్యవతీ, అది కాదు. మా అమ్మ కోరిక..."

సత్యవతి పప్పుగుత్తి గిన్నెలో పడేసింది. "ఇద్దరికీ సెవులు బాగానే ఉన్నాయి కదా! నా పప్పు మాడిపోతంది, నన్నొదిలీండి."

మధ్యలో మనిషి లేకపోయేసరికి మామాకోడళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోవాల్సి వచ్చింది. నాగశ్రీ ఈసారి సూటిగా ఆయనతోనే అంది. "సరే మావయ్యా. స్టేజీ ఎక్కుతాను. ఎక్కి, నాకేటనిపిస్తే అది సెప్తాను."

అప్పుడే రొప్పుతూ లోపలికొచ్చిన కొడుకును ధర్మలింగం పక్కకు లాగి, "ఒరే, నీ పెళ్ళానికి నచ్చజెప్పరా" అన్నాడు.

"నాకు ముగ్గురు పిల్లలని నాకే టీకొట్టు దగ్గర తెలిసింది నాన్నా. నేనేటి సెప్పేది?" అన్నాడు రవికాంత్.

మధ్యాహ్నం నాగశ్రీ కన్యకమ్మకు పెరుగన్నం పెట్టడానికి వెళ్ళింది. ముసలావిడ గిన్నె అందుకుంటూ మనవడి పెళ్ళాం ముఖంలోకి చూసింది.

"ఏటే, కళ్ళు ఎర్రగున్నాయి?"

"ఏటీ లేదు మామ్మా. కుంకుడురసం పడింది."

"తలంటు పిల్లకి కదా పోసావు?"

నాగశ్రీ గిన్నెలో ఓ ఊరగాయ ముక్క వేసింది. కన్యకమ్మ నాలుగు ముద్దలు తిని, "సాయంత్రం ఆ మీటింగుకి నన్నూ తీసుకెల్లండి" అంది. ఆవిడ గడప దాటి చాలాకాలమైంది. ఈ కబురు విని ధర్మలింగానికి ప్రాణం లేచొచ్చింది. పెద్దావిడ ఎదురుగా కూర్చుంటే కోడలు ఎదురు మాట్లాడదని ఆయన ధైర్యం. ఆ ధైర్యంతోనే కాసేపు కునుకు కూడా తీశాడు.

సాయంత్రం కల్యాణమండపం దగ్గర కారు దిగేసరికి ఆ ధైర్యం సగమైంది. గేటు ముందు వ్యానులు, ఆటోలు, చికిటి వైపు నుంచి ఒక మినీ బస్సు. వాటిలోంచి ముసలమ్మలు దిగుతున్నారు. చేతికర్రలతో దిగేవాళ్ళు కొందరు, మనవల భుజాలు పట్టుకుని దిగేవాళ్ళు కొందరు. లోపల అప్పటికే కుర్చీలు నిండిపోయాయి. కాసులు ఎదురొచ్చాడు.

"అయ్యగారూ, వయసుతో పన్లేదన్నారు కదా. అరవై దాటిన ప్రతి ఆవిడకీ ముగ్గురు తక్కువ లేరు. లోపల నూటయాభైమంది దాకా లక్ష్ములున్నారు. సీరలు పది."

"ఇంకో పది తెప్పించరా!"

"మగ్గం మీదున్న సీర వారానికి గానీ దిగదండి."

మొదటి వరసలో కాశీవిశ్వనాథం కాలు మీద కాలేసుకుని కూర్చుని, అధ్యక్షుడికి చాలా మెత్తగా నమస్కారం పెట్టాడు.

ధర్మలింగం వేదికెక్కి ఉపన్యాసం పక్కన పెట్టేశాడు. ముందు ఈ చీరల గండం గడవాలి. గొంతు సవరించుకుని, "అందరూ అర్హులే. కానీ ఎవురికి ఎక్కువమంది పిల్లలున్నారో, ఆ వరసలో మొదటి పదిమందికే సీరలు" అని ప్రకటించాడు. తెలివైన ఉపాయం చెప్పాననే అనుకున్నాడు.

హాలు వేలంపాటగా మారింది. "అయిదుగురు!" అని ఒక మూల నుంచి. "ఆరుగురు, ఇక్కడ!" అని ఇంకో మూల నుంచి. ఒకావిడ తొమ్మిది అంటే, పక్కావిడ లేచి, "అందులో నలుగురు సవితి పిల్లలు, రాసుకోకండి!" అని అరిచింది. కాసులు కాగితం మీద కొట్టివేతలు పెట్టలేక చస్తున్నాడు. సూరమ్మ అనే ఆవిడ ఎనిమిది అంది.

"నీకు ఆరుగురే కదే?" అంది పక్కనున్న ఆవిడ.

"ఇద్దరు పోయారు. మోసింది నేను కదా, నా లెక్క ఎనిమిది."

హాల్లో గోల ఒక్కసారి ఆగింది. కాసులు ఏమీ అడగకుండా ఎనిమిది అని రాసుకున్నాడు.

ఆ నిశ్శబ్దంలో కాశీవిశ్వనాథం లేచాడు. "అధ్యక్షుల వారి అమ్మగారికి ఏడుగురు. ఆవిడ ఇక్కడుండగా మొదటి సీర ఇంకొకరికేటి? ముందు ఆవిడకి కప్పండి. ఆవిడ నోటితోనే ఈ కాలం పిల్లలకి రెండు ముక్కలు సెప్పించండి." చీర సొంత తల్లికే ఇచ్చుకున్నాడని రేపు బజారులో చెప్పడానికి ఆయనకు అదొక్కటి చాలు. ధర్మలింగానికి అదేమీ తట్టలేదు. ఆయన ఎదురుచూస్తున్న అవకాశం ఇదే.

రవికాంత్, నాగశ్రీ చెరో రెక్క పట్టుకుని కన్యకమ్మను వేదిక ఎక్కించారు. ధర్మలింగం తల్లి భుజం మీద పట్టుచీర కప్పి, మైకు చేతికిచ్చి, సభకు వినబడేలా వంగి అడిగాడు.

"అమ్మా, నువ్వే సెప్పు. ఎంతమందుంటే ఇల్లు నిండుగా ఉంటాది? నువ్వు ఎంతమంది కావాలనుకున్నావు?"

రెండో ప్రశ్న ఆయన మాట పొందిక కోసం కలిపాడు, అంతే.

కన్యకమ్మ మైకును ఒకసారి తిప్పి చూసి, "ఇద్దరు" అంది.

సభ నవ్వింది. ధర్మలింగం కూడా నవ్వాడు. "ఇద్దరు కాదమ్మా. నీకు ఏడుగురం."

"కన్నది ఏడుగుర్ని రా. నువ్వడిగింది ఎంతమంది కావాలనుకున్నావని కదా? ఇద్దరు. నీ పెద్దక్కా, దాని తరవాతదీ. అక్కడికి సాలనుకున్నాను."

"మరి..."

"మరేటి? మీ నాయనమ్మ మొగపిల్లోడు కావాలంది. మీ నాన్న ఆవిడ మాట తీసీలేడు. మూడోదీ ఆడపిల్ల, నాలుగోదీ ఆడపిల్ల. అయిదో కానుపుకి నువ్వు. హమ్మయ్య, అయిపోనాది అనుకున్నాను. ఒక్క మొగోడికి తోడుండొద్దా అన్నారు. తోడు కోసం సూస్తే మళ్ళీ ఆడపిల్ల. ఆ తరవాత నీ తమ్ముడు. అప్పటికి మీ నాయనమ్మ పోయింది కాబట్టి ఆగింది."

హాల్లో నవ్వులు గోడలకు తగిలి తిరిగొచ్చాయి. ధర్మలింగం నవ్వలేదు. అరవై ఏళ్ళకు దగ్గరపడుతున్న మనిషి, తల్లి కోరుకున్న లెక్కలో తాను లేనని నూటయాభైమంది ముందు, మైకులో, మొదటిసారి విన్నాడు. చివరి ఆశగా నెమ్మదిగా అడిగాడు.

"పోనీ, మునిమనవణ్ణి ఎత్తుకోవాలని నీకు..."

"ఎవుడన్నాడు? నన్నెవుడైనా అడిగాడా? నువ్వు గోడకి సెప్పుకుంటున్నావు. గోడ ఊరుకుంది, నేనూ ఊరుకున్నాను." కన్యకమ్మ భుజం మీద కప్పిన పట్టుచీర తీసి కొడుకు చేతిలో పెట్టింది. "ఇది నాకొద్దు. ఎవుర్తి ఎంతమంది కావాలనుకుందో, సరిగ్గా అంతమందే ఉన్నారో, దానికియ్యి. అది లచ్చిమంటే."

ఏళ్ళ తరబడి ప్రతి మాటకూ ముందు 'మా అమ్మ మాట' అని చెప్పుకున్న మనిషి, ఆ అమ్మ మాటను ఇప్పుడు కాదనలేకపోయాడు. అర్హులు లేచి నిలబడాలని కాసులు మైకులో చెప్పాడు.

ఎవరూ లేవలేదు. ఆడవాళ్ళంతా వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ ఒకరి చెవిలో ఒకరు చెప్పుకోవడం మొదలుపెట్టారు. గొణుగుడు కాస్తా గొంతుగా మారింది.

"నేను ఒక్కడు సాలనుకున్నాను. అయిదుగురు."

"నలుగురు కావాలనుకున్నాను. ఒకడు పుట్టగానే సిజేరియన్లకే సంపాదనంతా పోతాదని మా ఆయన ఆపించీసాడు."

"అనుకోడానికి టైమిస్తేనా అమ్మా? పెద్దోడు పుట్టేసరికి నాకు పదహారు."

వెనక వరసలో కొడల గౌరి కూడా ఉంది. వయసుతో పని లేదంటే రద్దీగా ఉంటుందనీ, పిల్లల్ని ఎవరో ఒకరు ఎత్తుకుంటారనీ వచ్చిందట. నిజంగానే ముగ్గుర్నీ ముగ్గురు ముసలమ్మలు ఎత్తుకున్నారు. "నాకు మొత్తం ఇద్దరు సాలనుకున్నాను. ఒకటి ఎక్కువొచ్చింది. ఆ ఎక్కువది ఏదో మాత్రం అడక్కండి" అని చెప్పి ఆవిడ మళ్ళీ గోడకు తల ఆనించింది.

మగవాళ్ళు తలలు తిప్పి భార్యల వైపు, తల్లుల వైపు చూడ్డం, చూసి మళ్ళీ ముందుకు తిరగడం జరిగింది. కాశీవిశ్వనాథం ఒక్కడే ధీమాగా ఉన్నాడు. ఆయన తల్లి మూడో వరసలోంచి లేచి, "ముగ్గురు అనుకున్నాను, ముగ్గుర్నే కన్నాను" అని చెప్పింది.

"సూసారా! మా అమ్మకి సరిపోయింది!" అన్నాడాయన.

"ముగ్గురూ ఆడపిల్లలైతే బావుణ్ననుకున్నాను. వీడు మజ్జిలో ఒచ్చాడు."

కమిటీ అక్కడికక్కడే తలలు దగ్గర పెట్టుకుని ఆలోచించి, తూకం సరిపోయినా సరుకు మారింది కనుక చీర ఇవ్వడం కుదరదని తేల్చింది. కాశీవిశ్వనాథం కాలు మీద వేసుకున్న కాలు దింపాడు.

అప్పుడు ముందు వరసలోంచి సత్యవతి లేచింది. ఆవిడ సభలో మాట్లాడగా అంతకుముందు ఎవరూ వినలేదు.

"నేను ముగ్గురు అనుకున్నాను" అంది. ధర్మలింగం తల ఎత్తాడు. "రవి పుట్టాక రెండోవాళ్ళ సంగతి అడిగితే, గోడౌను కడుతున్నాం, ఇప్పుడొద్దన్నారు. గోడౌను అయ్యాక లారీ కొంటున్నాం, ఆగమన్నారు. లారీ ఒచ్చేసరికి నాకు వయసు ఎల్లిపోయింది. నాకూ ముగ్గురే అనుకోండి. రవి, గోడౌను, లారీ."

ఈసారి నవ్వు సగంలో ఆగిపోయింది. సత్యవతి కొంగు సవరించుకుని కూర్చుంది. వేదిక మీద ధర్మలింగం చేతిలోని చీర మడత ఊడి జారుతోంది. ఆయన దాన్ని చూసుకోలేదు. భార్య వైపే చూస్తూ ఉండిపోయాడు.

చివరికి ముగ్గురు తేలారు. చికిటి నుంచి వచ్చిన ఒక ముసలావిడ, "అయిదుగురు కావాలని మా ఆయనతో దెబ్బలాడి మరీ కన్నాను. అయిదుగురూ ఉన్నారు" అని కర్ర పొడుచుకుంటూ వచ్చింది. బ్యాంకులో పనిచేసే ఒకమ్మాయి ఇద్దరనుకుని ఇద్దరితోనే ఆగింది. మూడో మనిషిని కాసులే పిలవాల్సి వచ్చింది. ఆవిడ పేరు పొద్దున్నే మెసేజ్‌లో వేసేశారు కదా.

నాగశ్రీ మైకు అందుకుంది. ఎదురుగా చికిటి నుంచి వచ్చిన తల్లి ఒళ్ళో సున్నుండల డబ్బాతో, కన్నీళ్ళతో, నవ్వుతో సిద్ధంగా ఉంది.

"అందరూ శుభవార్త కోసం సూస్తున్నారు. ఏటంటే, కవలలు లేరు. ముగ్గురు లేరు. నేను ఒకత్తి కావాలనుకున్నాను. ఒకత్తే ఉంది. అదిగో, కుర్చీ కింద దూరి ఆడుకుంటంది."

చప్పట్లు మొదట ముసలమ్మల వరసల్లో మొదలయ్యాయి. మగవాళ్ళ వైపు రావడానికి కాస్త సమయం పట్టింది. ధర్మలింగం కోడలికి చీర ఇచ్చాడు. జ్ఞాపిక కూడా ఇచ్చాడు. దాని మీద బంగారు అక్షరాలతో 'త్రిసంతాన లక్ష్మి' అని చెక్కించి ఉంది. మార్చడానికి వీల్లేదు. ఆ అక్షరాలు కనబడేలానే ఫొటో తీశారు. నాగశ్రీ తల్లి ఒక్క నిమిషం ఏడవాలో మానాలో తేల్చుకోలేకపోయింది. తర్వాత, చేసి తెచ్చినవి వెనక్కి మోసుకెళ్ళడం దేనికని డబ్బా మూత తీసి సున్నుండలు పంచేసింది. పది చీరలు చాలవని సభ మొదట్లో గుండెలు బాదుకున్న కాసులు, మిగిలిన ఏడు చీరలూ మళ్ళీ పెట్టెలో సర్దుకున్నాడు.

ఇంటి దగ్గర కారు దిగేముందు ధర్మలింగం భార్యతో, "ముగ్గురని నాకు గట్టిగా ఒక్కసారైనా సెప్పలేదే?" అన్నాడు.

"సెప్పాను. మీరు లారీ వోడితో బేరమాడుతున్నారు" అంది సత్యవతి. తర్వాత ఏమనుకుందో, ఆయన చేతిలో చదవని ఉపన్యాసం కాగితాలు తీసుకుని, మడిచి, తన సంచీలో పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్న ధర్మలింగం దుకాణానికి బయల్దేరి, చెప్పులు వేసుకుని, మళ్ళీ విప్పి తల్లి గదిలోకి వెళ్ళాడు. ఆవిడ చింతపండు ముందేసుకుని కూర్చుంది. ఆయన కాసేపు నిలబడి, కింద కూర్చుని, తనూ ఒక కాయ తీసుకుని గింజ తీయడం మొదలుపెట్టాడు.

"అమ్మా, అయితే నేను నీకు అక్కర్లేదనుకున్నావన్న మాట."

"అనుకోడం ఏరు, సూడ్డం ఏరు. సూసాక ఒదలబుద్ది కాలేదు." కన్యకమ్మ ఆయన చేతిలోని కాయ లాక్కుంది. "అలా కాదు, గుజ్జు పోతంది. ఎల్లు, కొట్టు తియ్యి."

ధర్మలింగం నవ్వు మొహంతో బయటికొచ్చి, ఈ మాట పొంగిపోతూ బజారంతా చెప్పాడు. ఆ వారంలో బరంపురం వర్తకులు చాలామంది పనిగట్టుకుని తల్లుల దగ్గరికి వెళ్ళారు, ఎదురుగా కూర్చున్నారు, గొంతు సవరించుకున్నారు, బీపీ మాత్రలు వేసుకున్నావా అని అడిగి తిరిగొచ్చేశారు.